చీపురు పట్టిన సూరత్

ప్లేగు భయంతో జనం పారిపోయిన నగరమే మూడు దశాబ్దాల్లోపు దేశంలో పరిశుభ్రతకు పెట్టింది పేరయింది. వీధి ఊడ్చే కార్మికుడి నుంచి కమిషనర్ దాకా అందరినీ ఒక్క తాటి మీద నడిపించిన ఏర్పాటే అందుకు కారణం. ఆ ఏర్పాటుకు ఇంకా అందని మూలలూ ఉన్నాయి.

1994 సెప్టెంబరు చివరి పది రోజుల్లో సూరత్ నుంచి బయటికి వెళ్లే రైళ్లు, బస్సులు, లారీలు కిక్కిరిసిపోయాయి. ముక్కుకు రుమాళ్లు కట్టుకుని, చేతికందిన మూటతో జనం ఊరు విడిచారు. వజ్రాలు సానబట్టేవాళ్లు సౌరాష్ట్రకు, మరమగ్గాల కార్మికులు ఒరిస్సాకు, మహారాష్ట్రకు, ఉత్తరప్రదేశ్‌కు, తెలంగాణ జిల్లాలకు దారిపట్టారు. కొద్ది రోజుల్లోనే లక్షల మంది వెళ్లిపోయారు. నగర జనాభాలో దాదాపు నాలుగో వంతు ఖాళీ అయిందని అప్పట్లో ఒక అంచనా. వెళ్లినవాళ్లలో డాక్టర్లూ ఉన్నారు. ప్రైవేటు ప్రాక్టీసు చేసే వైద్యులు చాలామంది క్లినిక్‌లకు తాళాలు వేసి, రోగుల కంటే ముందే ఊరు దాటారు. మందుల దుకాణాల్లో టెట్రాసైక్లిన్ నిండుకుంది. సూరత్ నుంచి వచ్చే రైలు అంటేనే దేశమంతా ఉలిక్కిపడింది. గల్ఫ్ దేశాలు భారత్‌కు విమానాలు ఆపేశాయి. పర్యాటకం పడకేసింది, ఎగుమతుల సరుకు రేవుల్లో ఆగింది.

తీరా లెక్క తేలాక చూస్తే ప్లేగు చంపింది తక్కువ, భయపెట్టింది ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఆ ఏడాది దేశం మొత్తం మీద పరీక్షల్లో ప్లేగు ఆనవాళ్లు కనిపించిన అనుమానిత కేసులు 693, మరణాలు 56. ఏటా మలేరియా, అతిసారం బలితీసుకునే ప్రాణాలతో పోలిస్తే ఈ అంకె చిన్నదే. అసలది ప్లేగేనా అని వాదించినవారూ లేకపోలేదు. ఆ వివాదం ఏళ్ల తరబడి సాగి, 2000లో హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు జన్యు పరీక్షలు జరిపి అది ప్లేగు బ్యాక్టీరియానేనని నిర్ధారించాక గానీ సద్దుమణగలేదు. కానీ సూరత్‌కు ప్లేగు ఎందుకొచ్చిందన్న ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఏ ప్రయోగశాలా అక్కర్లేకపోయింది. వీధిలోకి తొంగిచూస్తే చాలు.

అప్పటి సూరత్ డబ్బున్న నగరం, దిక్కులేని మున్సిపాలిటీ. ప్రపంచంలో చిన్న వజ్రాల్లో అత్యధిక భాగం సానబడేది అక్కడే. దేశంలో కృత్రిమ పట్టు బట్టకు అదే రాజధాని. పని కోసం వచ్చే వలస జనంతో 1991 నాటికి జనాభా 15 లక్షలకు చేరింది. వాళ్లకు ఇళ్లు లేవు, మురుగు కాలువలు లేవు, మంచినీళ్లు అంతంతమాత్రం. రోజూ పోగయ్యే చెత్తలో దాదాపు సగం ఎక్కడిదక్కడే ఉండిపోయేది. సెప్టెంబరులో తాపీ నది పొంగింది. నీళ్లు తీశాక బురదలో పశువుల కళేబరాలు మిగిలాయి. వాటిని తీసే నాథుడు లేడు. ఆ వెనుకే వినాయక నిమజ్జనానికి వీధులన్నీ జనంతో నిండాయి. మరో రెండు మూడు రోజులకు వేడ్ రోడ్డు పరిసరాల్లోని కార్మికవాడల నుంచి రక్తం కక్కుతూ రోగులు సివిల్ ఆస్పత్రికి రావడం మొదలైంది.

ఇంత అవమానం తర్వాత ఏ నగరమైనా నాలుగు రోజులు శుభ్రంగా ఉంటుంది. సూరత్ కూడా ఉంది. డీడీటీ చల్లారు, గమాక్సిన్ చల్లారు, లారీలు పెట్టి చెత్త ఎత్తారు. 1995 వేసవి నాటికి ఊరు మళ్లీ పాత దారిన పడింది. ఆ మే నెలలో మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు సూర్యదేవర రామచంద్రరావు, గుజరాత్ కేడర్ ఐఏఎస్ అధికారి. ఎస్.ఆర్.రావుగానే ఆయన సూరత్‌కు తెలుసు. ఆ తర్వాత రెండున్నరేళ్లలో జరిగింది ఈ దేశపు నగరపాలన చరిత్రలో తరచూ చెప్పుకునే కథ. అయితే ఆ కథను చెప్పేవాళ్లు ఎక్కువగా ఒక కఠినమైన అధికారి, ఒక బుల్‌డోజర్ ఉన్న బొమ్మ గీస్తారు. బుల్‌డోజర్ ఉన్నమాట నిజమే. కానీ అసలు పని జరిగింది దానికంటే చాలా చప్పగా కనిపించే చోట, అధికారాల పంపిణీ ఉత్తర్వుల్లో.

ఒక వీధి మూల చెత్త కుప్ప పడి ఉందనుకుందాం. అది ఎవరి పని? ఊడ్చే కార్మికుడు ఆరోగ్య విభాగం కింద ఉంటాడు. ఎత్తుకెళ్లే లారీ వర్క్‌షాప్ విభాగానిది. కుప్ప పక్కన పొంగుతున్న కాలువ డ్రైనేజి ఇంజనీర్లది. కాలువ మీద అరుగు కట్టుకున్న దుకాణం సంగతి పట్టణ ప్రణాళికా విభాగం చూడాలి. వీధి దీపం వెలగకపోతే విద్యుత్ విభాగం. ఇంజనీరు అరుగు తొలగిస్తే తప్ప కాలువ తీయలేనంటాడు. ప్రణాళికాధికారి కేంద్ర కార్యాలయం నుంచి ఫైలు రావాలంటాడు. ఊడ్చేవాడు ఊడ్చి పోగుపెడతాడు, లారీ రాదు, సాయంత్రానికి కుక్కలు ఆ పోగును మళ్లీ వీధంతా పరుస్తాయి. ఎవరి డ్యూటీ వాళ్లు చేసినట్లే లెక్క, వీధి మాత్రం కంపు కొడుతుంది. భారతదేశంలో ఏ మున్సిపాలిటీ గుమ్మం తొక్కినవారికైనా ఇది కొత్త సంగతి కాదు.

1949 నాటి బొంబాయి ప్రావిన్షియల్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం కమిషనర్‌కు విస్తారమైన కార్యనిర్వాహక అధికారాలిచ్చింది. వాటిని కింది అధికారులకు అప్పగించే వెసులుబాటూ ఇచ్చింది. చాలామంది కమిషనర్లు మొదటిదాన్ని గుర్తుంచుకుని రెండోదాన్ని మరిచిపోతారు. రావు రెండోదాన్ని పట్టుకున్నారు. నగరాన్ని 6 జోన్లుగా విడదీసి ఒక్కో దానికి ఒక అధికారిని పెట్టి, కమిషనర్‌కున్న ఆర్థిక, పాలనాధికారాలు ఆ జోన్ వరకు వాళ్లకే ఇచ్చేశారు. ఊడ్చేవాళ్లు, లారీలు, ఇంజనీర్లు, ఆక్రమణల సిబ్బంది ఆ జోన్‌లో ఉన్నంతవరకు ఒకే మనిషికి జవాబు చెప్పాలి. వీధి మూల కుప్ప ఇప్పుడు ఐదు విభాగాల సమస్య కాదు, ఒక పేరున్న అధికారి సమస్య. ఇంజనీర్లుగా ఉద్యోగ జీవితం గడిపినవాళ్లు మలేరియా లెక్కలు చెప్పాల్సి వచ్చింది, డాక్టర్లు రోడ్ల గుంతల గురించి.

రెండో మార్పు గడియారంలో వచ్చింది. ఉదయాన్నే అధికారులంతా వీధుల్లో ఉండాలి. ఏసీ నుంచి డీసీకి అని దానికో నినాదం పుట్టింది. చల్లటి గదుల నుంచి రోజువారీ పనుల్లోకి అని అర్థం. మధ్యాహ్నం జోన్ల అధిపతులంతా కమిషనర్‌తో కూర్చునేవారు. పొద్దున ఎక్కడ ఏం కనిపించిందో చెప్పడం, ఎవరి నుంచి ఎవరికి ఏం కావాలో తేల్చుకోవడం, అక్కడికక్కడే నిర్ణయం. ఫైలు తర్వాత వస్తుంది. నెలల తరబడి టేబుళ్ల మీద తిరిగే వ్యవహారం గంటలో తేలడం మొదలయ్యాక, నిర్ణయం తీసుకోకపోవడమే క్షేమమన్న సర్కారీ సూత్రం అక్కడ పనికిరాకుండా పోయింది. జనం ఫిర్యాదులకు రంగు కార్డులు పెట్టారు. వెంటనే తీర్చాల్సినవాటికి ఒక రంగు, సమయం పట్టేవాటికి మరొకటి.

బుల్‌డోజర్ సంగతికి వస్తే, దాని దిశే సూరత్‌ను ఆశ్చర్యపరిచింది. ఆక్రమణల తొలగింపు అంటే మన నగరాల్లో తోపుడుబండ్లతో మొదలై తోపుడుబండ్లతోనే ముగుస్తుంది. సూరత్‌లో అది పలుకుబడి ఉన్నవాళ్ల అక్రమ కట్టడాలతో మొదలైంది. పెద్దవాళ్ల గోడలు కూలడం చూశాక చిన్న దుకాణదారులు చాలాచోట్ల తమంతట తామే ముందుకొచ్చిన మెట్లు, రేకులు తీసేశారు. కోర్టుకెళ్లినవారూ ఉన్నారు, రాజకీయంగా ఒత్తిడి తెచ్చినవారూ ఉన్నారు. అయితే రావుకు ఒక అనుకూలత కలిసొచ్చింది. 1995లో జరిగిన కార్పొరేషన్ ఎన్నికల్లో 99 స్థానాల్లో 98 బీజేపీవే. అంత మెజారిటీ ఉన్న పార్టీ తలుచుకుంటే ఒక కమిషనర్‌ను వారంలో సాగనంపగలదు. సాగనంపలేదు. ప్లేగు అవమానం ఇంకా పచ్చిగా ఉంది. ఊరి పరువు పోతే వ్యాపారం పోతుందని బట్టల మార్కెట్‌కు, వజ్రాల వర్తకులకు తెలిసొచ్చింది. పైగా వీధులు బాగుపడుతుంటే ఆ పేరు ఎన్నికైనవారికీ దక్కుతుంది. ప్రజాప్రతినిధులు, అధికారులు ఒకరి దారికి ఒకరు అడ్డురాకపోవడం కూడా ఒక రకం సమష్టి కృషే. మన మున్సిపాలిటీల్లో ఆ రకమే అన్నింటికంటే అరుదు.

వీధిలో పనిచేసేవాళ్ల సంగతి ఈ కథల్లో చివర వస్తుంది. నిజానికి ముందు రావాలి. ప్లేగు రోజుల్లో డాక్టర్లు, వర్తకులు ఊరు వదిలి వెళ్లినప్పుడు వీధుల్లో మిగిలి చచ్చిన ఎలుకలను, కళేబరాలను ఎత్తినవాళ్లు మున్సిపల్ సఫాయి కార్మికులు. వారిలో అత్యధికులు దళితులు, ఎక్కువగా వాల్మీకి కులస్థులు. వాళ్లలో చాలామందికి ముఖానికి గుడ్డ తప్ప రక్షణ లేదు. రావు హయాంలో వాళ్ల పని తీరు మారింది. ఎవరు ఏ వీధి, ఎంత పొడవు ఊడ్వాలో లెక్క కట్టి పంచారు. పెద్ద రోడ్లు ఊడ్చే పని రాత్రికి మారింది. ట్రాఫిక్ లేని వేళ రోడ్డు అంచున పేరుకున్న మట్టి గీకడం, ఊడ్వడం, తెల్లారేసరికి ఎత్తేయడం. చెత్త రవాణా చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్లకు అప్పగించారు. అక్కడినుంచి సూరత్ పారిశుద్ధ్యం పర్మినెంట్ ఉద్యోగులు, కాంట్రాక్టు కూలీలు అనే రెండు కాళ్ల మీద నడుస్తోంది. ఒకే వీధిలో ఒకే పని చేసే ఇద్దరికి జీతంలో, సెలవులో, వైద్య సదుపాయంలో ఎంతో తేడా. దేశంలోని మిగతా నగరాల్లాగే సూరత్ కూడా ఈ తేడాను పరిష్కరించలేదు. దాని మీదే నిలబడింది అన్నా తప్పులేదు.

ఇక జనం. రోడ్డు మీద చెత్త వేసినవారికి 50 రూపాయలు జరిమానా, మళ్లీ పట్టుబడితే రెట్టింపు. చెత్తకుండీ పెట్టని దుకాణాలకు, వంటగది అపరిశుభ్రంగా ఉన్న హోటళ్లకు నోటీసులు, వినకపోతే సీలు. అర్ధరాత్రి దాకా వీధుల్లో తినే అలవాటున్న ఊరు సూరత్. తాపీ ఒడ్డున పొంక్, వీధి చివర లోచో, రోడ్డు పక్క బండి చుట్టూ కుర్చీలు లేకపోతే ఆ ఊరికి సాయంత్రం సాయంత్రం కాదు. తినుబండారాల బండ్ల ముందు డబ్బాలు వెలిశాయి, తిన్న కాగితాన్ని అందులో వేయని ఖాతాదారును బండివాడే కసురుకోవడం మొదలుపెట్టాడు. జరిమానా కట్టాల్సింది తానే మరి. భయంతో మొదలైంది అలవాటుగా మారడానికి ఎంత సమయం పట్టిందో కొలవడం కష్టం గానీ మారిన మాట వాస్తవం.

ఆరోగ్య విభాగం తెచ్చిన మార్పు బయటికి కనబడదు. ఆస్పత్రులు, ప్రైవేటు క్లినిక్‌ల నుంచి జ్వరాలు, విరేచనాల కేసుల వివరాలు ఎప్పటికప్పుడు కార్పొరేషన్‌కు చేరే ఏర్పాటు చేశారు. ఒక పేటలో కామెర్ల కేసులు నాలుగు ఒకేసారి కనిపిస్తే ఆ పేట నీళ్ల పైపు ఎక్కడ పగిలి మురుగులో కలుస్తోందో వెతుకుతూ ఇంజనీరు వెళ్లాలి. డాక్టరు రాసిన కాగితం ఇంజనీరు చేతికి వెళ్లడమన్నది వినడానికి ఏమంత గొప్పగా ఉండదు. అయితే మురికివాడల్లో ప్రాణాలు కాపాడింది ఎక్కువగా ఆ కాగితమే. మలేరియా కేసులు గణనీయంగా తగ్గాయి. 1996లో ఇన్‌టాక్ సంస్థ దేశంలో పరిశుభ్రమైన నగరాల్లో చండీగఢ్ తర్వాతి స్థానం సూరత్‌కు ఇచ్చింది. ప్లేగు వచ్చి రెండేళ్లయినా గడవని ఊరికి! రావు బదిలీ అయ్యాక 1998లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

మన దేశంలో మంచి అధికారి బదిలీ కాగానే మంచి పని కూడా బదిలీ అవుతుంది. సూరత్ ఎందుకు మినహాయింపయింది అన్నది రావు విజయం కంటే ఆసక్తికరమైన ప్రశ్న. తర్వాత వచ్చిన కమిషనర్ ఎస్.జగదీశన్ పాత పద్ధతులను చెరిపి కొత్త ముద్ర వేయాలని తాపత్రయపడలేదు. ఉన్నవాటిని కొనసాగించి, కార్పొరేషన్ ఆదాయం మీద, రోడ్లు, వంతెనల మీద దృష్టిపెట్టారు. జోన్ల అధికారాలు వెనక్కి రాలేదు. అధికారం రుచి చూసిన జోనల్ అధికారులు దాన్ని వదులుకోరు కదా. ఊడ్చిన వీధి రుచి చూసిన ఓటరూ అంతే. 2004లో ఇంటింటికీ తిరిగి చెత్త సేకరించే పద్ధతి వచ్చింది. క్రమంగా వీధి చివరి కుండీలే మాయమయ్యాయి.

అసలు పరీక్ష 2006 ఆగస్టులో వచ్చింది. ఎగువన ఉకాయ్ డ్యామ్ నిండిపోవడంతో ఒక దశలో 9 లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని వదిలారు. నగరంలో మూడొంతులకు పైగా మునిగింది. రోజుల తరబడి కరెంటు లేదు, తాగునీరు లేదు. వంద మందికి పైగా చనిపోయారు. నీటిని అంత ఆలస్యంగా, అంత ఉధృతంగా ఎందుకు వదిలారన్న విమర్శకు ప్రభుత్వం వద్ద సరైన సమాధానం లేదు. కానీ 1994తో పోలిస్తే వరద తెచ్చిన విధ్వంసం ఎన్నో రెట్లు ఎక్కువైనా, నీళ్లు తీశాక ఏ మహమ్మారీ రాలేదు. జోన్ల సిబ్బందికి తోడు ఇతర నగరాల నుంచి సఫాయి కార్మికులు, యంత్రాలు వచ్చాయి. ఇంటింటి నుంచి బయటపడిన తడిసిన బట్టలు, పరుపులు, బురద టన్నుల కొద్దీ ఎత్తారు. ఆరోగ్య సిబ్బంది గడపగడపకూ తిరిగారు. ఈసారి జనం రైళ్లెక్కి పారిపోలేదు. ఆ తర్వాత డ్యామ్ అధికారులు, కార్పొరేషన్, వ్యాపార సంఘాలు, విద్యాసంస్థలు కలిసి వరద ముందస్తు హెచ్చరికల వ్యవస్థను తయారుచేసుకున్నాయి. రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ అందుకు తోడ్పడింది.

ఈ నగరం కథలో తెలుగువారి వాటా తక్కువేం కాదు. తెలంగాణ జిల్లాల నుంచి, ముఖ్యంగా పద్మశాలీలు, దశాబ్దాలుగా సూరత్ మగ్గాలకు వలస వెళ్తున్నారు. లింబాయత్ ప్రాంతంలో వీధులకు వీధులు తెలుగు వినిపిస్తుంది. కార్పొరేషన్ నడిపే ప్రాథమిక పాఠశాలల్లో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమం కూడా ఉంది. 1994లో పారిపోయినవాళ్లలో వీళ్లున్నారు, తిరిగొచ్చి మగ్గం పట్టినవాళ్లలోనూ ఉన్నారు. పరిశుభ్ర నగరం ర్యాంకుల్లో వీళ్ల పేటలు కనిపించే అవకాశం తక్కువ. వానాకాలంలో నగరం గుండా పారే ఖాడీలు పొంగితే ముందు నీళ్లొచ్చేది లింబాయత్ వైపే. 2024లోనూ, 2025లోనూ ఖాడీ నీరు ఇళ్లలోకి వచ్చింది. ఖాడీ గట్లను ఆక్రమించి కట్టినవాటి విషయంలో 1995 నాటి బుల్‌డోజర్ అంత చురుగ్గా కదలడం లేదు.

ర్యాంకుల్లో మాత్రం సూరత్‌కు తిరుగులేదు. స్వచ్ఛ సర్వేక్షణ్‌లో 2020, 2021, 2022లలో వరుసగా రెండో స్థానం. 2023 సర్వేలో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకుంది. తర్వాతి సర్వేలో కేంద్రం ఎప్పుడూ గెలిచేవాళ్లను విడదీసి సూపర్ స్వచ్ఛ లీగ్ అనే ప్రత్యేక వర్గం పెట్టింది. 10 లక్షలు దాటిన నగరాల్లో ఇండోర్, సూరత్, నవీ ముంబైలతోపాటు విజయవాడకు అందులో చోటు దక్కింది. శుద్ధి చేసిన మురుగు నీటిని పాండేసరా పారిశ్రామికవాడకు అమ్మి ఆదాయం సంపాదించడం 2014 నుంచి సూరత్ చేస్తున్న మరో పని. అద్దకం మిల్లులకు నీరు దొరికింది, కార్పొరేషన్‌కు డబ్బు దొరికింది, తాపీకి కొంత ఊరట. ఒకప్పుడు చెత్త డంపింగ్‌కు పేరుపడ్డ ఖజోద్‌లో 2023 డిసెంబరులో వజ్రాల బోర్స్ భవనం ప్రారంభమైంది.

పరిశుభ్రతలో పనిచేసిన కలిసికట్టుతనం భద్రతలోనూ పనిచేస్తుందని సూరత్ నమ్మింది. కొంతవరకు అది నిజమైంది. నగరంలోని వర్తకులు, పారిశ్రామికవేత్తల విరాళాలు కూడగట్టి పోలీసులు కూడళ్లలో నిఘా కెమెరాలు పెట్టారు. 2013 జనవరిలో తొలి విడతగా 23 చోట్ల 104 కెమెరాలతో నియంత్రణ గది మొదలైంది. అప్పటికి దేశంలో చాలా పెద్ద నగరాలకే అలాంటిది లేదు. రోజూ కోట్ల రూపాయల వజ్రాలు చొక్కా జేబుల్లో తిరిగే ఊరిలో వర్తకులు ఆ ఖర్చుకు వెనుకాడకపోవడంలో వింత లేదు.

కానీ కెమెరా ఏ ప్రమాదాన్ని చూస్తుంది, దేన్ని చూడదు? 2019 మే 24న సార్థానా ప్రాంతంలోని తక్షశిలా ఆర్కేడ్ అనే వాణిజ్య భవనంలో మంటలు లేచాయి. పై అంతస్తులో కోచింగ్ క్లాసులో ఉన్న పిల్లలకు దిగే దారి లేదు. కొందరు కిటికీల నుంచి దూకారు. 22 మంది విద్యార్థులు చనిపోయారు. భవనం పైన అక్రమంగా వేసిన కట్టడం, మండే సామగ్రితో నిండిన పైకప్పు, సమయానికి పనికిరాని అగ్నిమాపక సాధనాలు. అన్నీ ఎవరో ఒకరి రిజిస్టర్‌లో ఉండాల్సిన విషయాలే. 2022 జనవరి 6 తెల్లవారుజామున సచిన్ పారిశ్రామికవాడలో ఒక ట్యాంకర్ అక్రమంగా రసాయన వ్యర్థాన్ని కాలువలో వదులుతుండగా వెలువడిన విషవాయువుకు 6గురు కార్మికులు బలయ్యారు. వీధి మీద కాగితం ముక్క వేసినవాడిని పట్టుకునే నగరంలో ఒక ట్యాంకర్ విషాన్ని కాలువలో గుమ్మరించగలిగింది.

ఈ రెండింటినీ నిర్లక్ష్యం అన్న ఒక్క మాటతో తేల్చేస్తే సూరత్ పాఠంలో సగమే చదివినట్లు. చెత్త రోజూ ఉదయం కళ్లకు కనిపిస్తుంది, ముక్కుకు తగులుతుంది. ఎత్తకపోతే ఆ పూటే ఫోను వస్తుంది. మధ్యాహ్నం సమావేశంలో జోనల్ అధికారి తలవంచుకోవాల్సి వస్తుంది. భవనం మెట్ల దారి ఇరుకుగా ఉంటే ఏ ఫోనూ రాదు. పదేళ్లు ఏమీ జరగకపోవచ్చు. అనుమతి ఇచ్చేది ఒక విభాగం, అక్రమ అంతస్తును క్రమబద్ధం చేసేది ఇంకొకటి, అగ్నిమాపక ధ్రువపత్రం మరొకరిది, కోచింగ్ సెంటర్‌కు అడ్డు చెప్పాల్సింది ఎవరో ఎవరికీ తెలియదు. పారిశ్రామికవాడల్లో కాలుష్య నియంత్రణ మండలి, పారిశ్రామికాభివృద్ధి సంస్థ, పోలీసులు ఎవరి హద్దుల్లో వారుంటారు. అంటే 1995కు ముందు చెత్త కుప్ప ఎక్కడ ఉండేదో భద్రత ఇప్పటికీ అక్కడే ఉంది, అనేక శాఖల కూడలిలో. దానికితోడు ఊడ్చిన వీధి వల్ల ఎవరికీ నష్టం లేదు, అక్రమ అంతస్తు కూలిస్తే చాలామందికి నష్టం. తక్షశిలా ఘటన తర్వాత నగరంలో కోచింగ్ సెంటర్లు, వస్త్ర మార్కెట్ల భవనాలకు వరుసగా నోటీసులిచ్చి సీళ్లు వేశారు. అలాంటి చురుకుదనం మామూలు రోజుల్లో కనిపించాలి.

నగరం పెరిగిన వేగం కూడా తక్కువది కాదు. ప్లేగు నాటికి కార్పొరేషన్ విస్తీర్ణం 111 చదరపు కిలోమీటర్లు. 2006లో అది 326కు, 2020లో 461కి చేరింది. 2011 జనాభా లెక్కల నాటికే జనం 44.67 లక్షలు. 6 జోన్లుగా ఉన్నప్పుడు జోనల్ అధికారి తన వీధులన్నీ కాలినడకన చూడగలిగేవాడు. నిన్నటిదాకా పంచాయతీలుగా ఉన్న శివార్లలో ఇప్పుడు పైపులు, కాలువలు, రోడ్లు అన్నీ ఒకేసారి తవ్వుతున్నారు. తవ్వినవాడు ఒక కాంట్రాక్టరు, మూసేవాడు మరొకడు.

2025 ఫిబ్రవరి మొదటి వారంలో వరియావ్ ప్రాంతంలో తల్లితో కలిసి వెళ్తున్న రెండేళ్ల బాలుడు మూత విరిగిన మ్యాన్‌హోల్‌లో పడిపోయాడు. గంటల తరబడి వెతికాక మర్నాడు మృతదేహం దొరికింది. తెలుగు పాఠకులకు ఇది పరాయి వార్త కాదు. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో పొద్దున్నే పాలకని బయలుదేరిన బాలిక వాన నీటి కింద కనిపించని నాలాలో పడి చనిపోయింది. రెండు నగరాలకూ పరిశుభ్రతలో బహుమతులు వచ్చాయి. రెండు చోట్లా ఆ మూత ఎవరిదన్న ప్రశ్న ప్రాణం పోయాకే తలెత్తింది.

ప్లేగు రోగులు మొదట బయటపడిన వేడ్ రోడ్డు తాపీకి ఒక పక్క, వరియావ్ మరో పక్క. నది మీద ఆ రెంటినీ కలుపుతూ ఇటీవలే వంతెన కట్టారు. దాని మీద ఒక్క చెత్త కాగితం కనిపించినా సూరత్ ఊరుకోదు.